పోగు తెగితే ఆపుతదా?

ముందుగాల ఒక్క మాట. దయ్యాలను నేను నమ్మ. కరీంనగర్‌లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్త. నేను చెప్పేదాన్నే పిల్లలు సగం నమ్మరు. అట్లాంటి మనిషి పోయి ఇంకొకరు చెప్పే దయ్యాల ముచ్చట్లు నమ్మితే బాగుండదని మొదటినుంచీ దూరంగ ఉన్న. మా అవ్వ దిష్టికి కట్టిన నిమ్మకాయలు విప్పి షర్బత్ చేసుకున్న రకం నేను.

ఇప్పటికీ నమ్మ. కాని పోయిన ఎండాకాలం పదకొండు రోజుల్లో జరిగిన సంగతులకు నా దగ్గర జవాబు లేదు. జవాబు లేనప్పుడు లేదని రాయమనే పిల్లలకు చెప్త కాబట్టి, నేనూ అదే రాస్తున్న.

మాది సిరిసిల్ల. ఉద్యోగం కరీంనగర్‌లో అయినా ఆదివారాలు, ముహూర్తాల రోజులు మాకొక చిన్న ఆర్కెస్ట్రా ఉండేది. నలుగురం. నేను గిటార్. షఫీ ప్యాడ్స్, అంటే కర్రలతోని కొట్టే కరెంటు డప్పులు. పాడేది సుజాతక్క, మిగతా రోజుల్లో బ్లౌజులు కుడుతది. బాస్ గిటార్ నర్సయ్య అన్న. పెండ్లి అయినా రిసెప్షన్ అయినా, సుల్తానాబాద్ నుంచి ఇచ్చోడ దాక ఎవరు పిలిచినా పోయేవాళ్లం. పిలిచినోళ్లు మళ్లీ పిలవరని షఫీ అనేటోడు. అది పూర్తిగ నిజం కాదు.

బాస్ గిటార్ ఎట్లాంటిదంటే, ఉన్నన్ని రోజులు ఎవరికీ వినవడదు. లేనిరోజు మాత్రం పాట ఉప్పులేని పప్పు లెక్క ఉంటది. నాలుగు లావు తీగలు, అడుగు గొంతు. చెవి కంటె ముందు కడుపుకు తగులుతది.

నర్సయ్య అన్న సాంచెలు నడిపేటోడు. మా దగ్గర మరమగ్గాన్ని సాంచె అంటరు. ముప్ఫై ఏండ్లు షెడ్డులో ఆ టకటకల నడుమ నిలబడి చెవులు సగం పోయినై. అందుకే స్టేజి ఎక్కంగనే చెప్పులు విడిచి, ఎడమకాలు తీస్కపోయి స్పీకర్ డబ్బా మీద పెట్టేటోడు. అరికాలుతోని వినేటోడు. పదో తరగతిలో నా చేతికి మొదటిసారి గిటార్ ఇచ్చింది గూడ ఆయననే.

ఆయనకు ఒక్కటే ఒక అలవాటు, మమ్మల్ని చంపుకతినేది.

సాంచెల షెడ్డులో ఒక్క మనిషి ఎనిమిదింటిని చూసుకోవాలె. ఎనిమిదింటి మీదా కన్ను పెట్టుడు ఎవరితోనీ కాదు. అందుకే చెవి పెడుతరు. పోగు తెగితే చప్పుడు మారుతది. మనకు తెల్వదు, వాళ్లకు తెలుస్తది. తల అటు తిరుగుతది, చెయ్యి పోయి సాంచె ఆపుతది. పోగు ముడేసి మళ్లీ నడుపుతరు. ఆపకపోతే సాంచె ఆగమన్నదాక నేస్తనే ఉంటది, గజాలకు గజాలు గుడ్డలో జాడ, అంటే పోగు లేని గీత, పడుతది.

ఆ పద్ధతినే నర్సయ్య అన్న స్టేజి మీదికి తెచ్చిండు. సుజాతక్క చరణం తప్పినా, షఫీ దెబ్బ తప్పినా, నేను వేలు తప్పినా, ఆయన అరచెయ్యి తీగల మీద పడేది. బాస్ బంద్. మేం సర్దుకున్నదాక చెయ్యి తీయకపోయేది. సర్దుకోంగనే, ఏం జరగనట్టు మళ్లీ మొదలు. ఒక్కనాడు గూడ ఒక్క మాట అనలే. మాట అంటేనన్న బాగుండేది.

"సాంచె ఆపిండు," అని షఫీ పండ్లు కొరికేటోడు.

మంచిర్యాలలో ఒక రిసెప్షన్‌లో ఒక్క పాటలో మూడుసార్లు ఆపిండు. మూడోసారికి పెండ్లిపిల్ల మేనమామ స్టేజి కాడికొచ్చి, "ఏందయ్యా, మీ తాన కరెంటు వస్తుందా పోతుందా?" అని అడిగిండు. అందరు నవ్విన్రు. నేను గూడ నవ్విన. వచ్చేదారిలో మాత్రం నవ్వు రాలే.

ఆ వారమే ఆక్టేవ్ పెడల్ అనేదాన్ని ఆర్డర్ పెట్టిన.

దాని సంగతి జర చెప్పాలె. సబ్బుపెట్టె అంత ఇనుప డబ్బా, కాలుతోని తొక్కేది. గిటార్ మీద అన్నిటికంటె లావు తీగ సెకనుకు ఎనభై రెండు సార్లు ఊగుతది. ఈ డబ్బా ఆ ఊపును సగం చేసి నలభై ఒకటి చేస్తది. నలభై ఒకటి అంటే అచ్చంగ బాస్ గిటార్ గొంతు. నా డబ్బాకు బయటికి రెండు దారులు. ఒక వైరులో మామూలు గిటార్ పోతది, ఇంకో వైరులో ఈ తయారుచేసిన బాస్ పోతది. రెండు స్పీకర్లకు రెండు పెట్టుకుంటే ఒక్క మనిషి ఇద్దరు వాయించినట్టు వినవడుతది.

ఇద్దరు పోయి ఒక్కడే మిగులుతడని పెట్టె మీద రాయలే. అది నేనే చేసిన.

నర్సయ్య అన్న ఇంటికి పోయి, "ఇచ్చోడ పార్టీవాళ్లు స్టేజి చిన్నగుందంటున్నరన్నా, ముగ్గురికంటె ఎక్కువ పట్టరట" అని చెప్పిన. ఇచ్చోడ పార్టీవాళ్లు అట్ల అనలే. ఆ స్టేజి మీద ఒక బస్సు తిప్పొచ్చు.

ఆయన నా సంచిలోనుంచి కనవడుతున్న డబ్బాను చూసిండు. తీసి చేతిలో పట్టుకొని బొటనవేలుతోని ఒత్తిండు.

"గిది నా పని చేస్తదా, సారూ?"

పాఠాలు చెప్పుడు మొదలుపెట్టినప్పటి సంది నన్ను సారు అనే పిలిచేటోడు. సగం ఎక్కిరింపు, సగం మురిపెం.

"జరంత చేస్తదన్నా."

"పోగు తెగితే ఆపుతదా?"

నా నోటికి జోకులు ముందొస్తై, బుద్ధి వెనకొస్తది. "ఆపదన్నా, దాంట్ల ఉన్న మంచిగుణమే అది" అని చెప్పిన.

ఆయన నవ్విండు. "అయితె మంచిదే" అని డబ్బా నా చేతిలో పెట్టిండు. అప్పుడే చాయ్ పట్టుకొని ఆయన భార్య, మా వదిన, బయటికొచ్చింది. ఆ మాటలు ఆమె వినలే.

నాలుగు నెలలకు, పొద్దటి షిఫ్టులో, సాంచెల నడుమ నర్సయ్య అన్న కూలవడ్డడు. గుండె అన్నరు. దవాఖానకు తీసుకపోయేసరికే అయిపోయింది. షెడ్డులో సాంచెలన్నీ ఆపేసి వాళ్లంతా మట్టికి, ఆయనను సాగనంపేటందుకు, వచ్చిన్రు. నేను గూడ పోయిన. జనం వెనక నిలవడ్డ. ఆ నాలుగు నెలల్లో ఒక్కసారి గూడ ఆయన ఇంటికి పోలేదనే సంగతి అక్కడ నిలవడ్డంక లెక్కకొచ్చింది.

అవి ముహూర్తాల రోజులు. మూడోనాడే సుల్తానాబాద్‌లో ప్రోగ్రాం ఉండె. ఒప్పుకున్నది తప్పించుకునే దారి లేదు. పట్టపగలు, ఫంక్షన్ హాల్, పెండ్లి భోజనాలు. రెండో పాట నడుమ నా వేలు పక్క తీగకు తగిలింది. బాస్ ఆగిపోయింది. గిటార్ వస్తనే ఉంది, బాస్ లేదు. మూడు నాలుగు దెబ్బలంత సేపు. నేను సర్దుకోంగనే మళ్లీ వచ్చింది.

షఫీ నా దిక్కు చూసిండు. నేను డబ్బా దిక్కు చూసిన.

ఇంటికొచ్చి ఫిజిక్స్ మాస్టర్ చేయాల్సింది చేసిన. బ్యాటరీ అయిపోయిందా అంటే, బ్యాటరీ పోతే మళ్లా తనంతట తాను రాదు. వైరు లూజా అంటే, లూజు వైరు బరబరమంటది, ఇది నున్నగ ఆగింది. చివరికి కారణం దొరికింది. ఈ డబ్బాకు ఒక్కసారి ఒక్క తీగ మోగితేనే లెక్క కుదురుతది. రెండు తీగలు కలిసి మోగితే ఏ ఊపును సగం చేయాల్నో తెల్వక తికమకపడుతది, గొంతు పోతది. కావాలని రెండు తీగలు కలిపి కొట్టి చూసిన. ఆగింది. మళ్లీ కొట్టిన. మళ్లీ ఆగింది. తప్పు వాయిస్తే ఆగుడు దాని తయారీలోనే ఉంది. నాలుగు నెలల్లో ఇట్ల ఎందుకు ఆగలేదంటే, ఆ నాలుగు నెలలు నేను బుద్ధిగ వాయించి ఉంట, అంతే.

ఆ రాత్రి మంచిగ నిద్రపట్టింది. సైన్సుకున్న సుఖమే వేరు.

ఆరోనాడు ఇచ్చోడ. మళ్లీ పగలే, బయట షామియానా కింద. అదే, బస్సు తిప్పేంత స్టేజి. మొదట మూడు పాటలు బాగనే పోయినై. నాలుగోదాంట్లో సుజాతక్క మొదటి చరణం బదులు రెండో చరణం ఎత్తుకుంది.

బాస్ ఆగింది.

నా చెయ్యి తప్పలే. నేను వాయించేది ఒక్కటే తీగ, అది గూడ నాకు నిద్రలో వచ్చే వరుస. గిటార్ శుభ్రంగ వినవడుతనే ఉంది. బాస్ మాత్రం లేదు. సుజాతక్క టక్కున ఆగి, నాలుక కరుచుకొని, మొదటి చరణం అందుకుంది. అందుకోంగనే బాస్ వచ్చింది.

పాట అయినంక షఫీ కర్రలు పక్కకు పెట్టిండు. మొఖంలో నెత్తురు లేదు, నోరు మాత్రం ఉంది.

"సార్, మీ డబ్బాకు గిటార్ వైరు ఉన్నది, సరే. అక్క గొంతు దానికెట్ల వినవడ్డది?"

"మైకు చప్పుడు గిటార్ల వడి ఉంటది."

"నాలుగు నెలల సంది పడలేదా?"

సుజాతక్క మా ఇద్దరి దిక్కు చూడకుంట నీళ్లు తాగింది. "అన్న ఉంటే గూడ గక్కడనే ఆపుతుండె" అన్నది. ఆ మాట మీద ఎవరం జోకేయలే. జోకు తట్టకుంట ఒక పూట గడిచింది నా జన్మలో అదొక్కటే.

పెండ్లివాళ్లు ఫోన్‌లో తీసిన వీడియో అడిగి తెచ్చుకున్న. ఇయర్‌ఫోన్ పెట్టుకొని ఇరవై సార్లు విన్న. భ్రమ అయితే వీడియోలో పడొద్దు. పడ్డది. ఆమె తప్పు చరణంలో రెండో మాట అనంగనే బాస్ ఆగుతది. సరైన చరణంలో మొదటి మాటకే మొదలవుతది. డబ్బాకూ ఆమె మైకుకూ నడుమ వైరు లేదు. పెట్టుకున్నది నేనే గనుక నాకు తెలుసు.

తెల్లారి వదిన ఫోన్ చేసింది.

"శీనూ, పదకొండోనాడు దినాలు పెట్టుకున్నం. ఇంటి ముంగటనే భజన. మీ సామాన్లు తీసుకొని రాండ్రి. ఆయనకు ఇష్టముండె."

వస్తమని చెప్పిన. ఆమె ఫోన్ పెట్టలే. ఇంకొకటి అడిగింది.

"ఆయన మీ బాజా ఎందుకు ఇడిసిపెట్టిండు, నీకేమన్న చెప్పిండా?"

నేను ఫోన్ ఇంకో చెవికి మార్చిన.

"నేను అడిగితే మోజు తీరింది అన్నడు. పాతికేండ్ల సంది పట్టుకున్నదాని మీద మోజెట్ల తీరుతది? ఆ గిటార్ మూలకు పెట్టి, పనికి పోవుడు, వచ్చి పండుడు. గట్టిగ అడిగితే ఊ అనడు, ఆ అనడు. నేను గూడ మొండికేసిన. నా మీద, ఇంటి మీద గూడ మోజు తీరిందేమో అనుకున్న. నాలుగు నెలలు, శీనూ. ఒక్క ఇంట్ల ఉండి సక్కగ మాట్లాడుకోలే. గట్లనే పాయె."

నర్సయ్య అన్న నా అబద్ధాన్ని ఇంటికి తీసుకపోలేదన్నమాట. స్టేజి చిన్నదనే మాట గూడ ఆమెకు చెప్పలే. చెప్తే ఆమె నా ఇంటి మీదికొచ్చేది. నన్ను కాపాడిండు. దాని ఖర్చు ఆమె మీద పడ్డది.

"ఏమో వదినా, నాతోని గూడ గట్లనే అన్నడు" అని చెప్పి ఫోన్ పెట్టేసిన.

పదకొండోనాడు పొద్దుగాల పది గంటలకు సిరిసిల్లలో వాళ్లింటి ముంగట టెంటు కింద సామాన్లు సర్దినం. పాత బ్యాటరీ తీసి కొత్తది వేసిన. డబ్బా విప్పి లోపల అతుకులన్నీ చూసిన. వైర్లు మార్చిన. వచ్చినోళ్లలో చుట్టాల కంటె షెడ్డువాళ్లే ఎక్కువ. నలభై మంది దాక ఉంటరు. సాంచెలు నడిపేటోళ్లు కూర్చున్నకాడ ఒక గుర్తుంటది, అందరూ జర గట్టిగ మాట్లాడుతరు. వదిన గడప దగ్గర కూర్చుంది. ఆమె పక్కన గోడకు ఆనించి ఆయన బాస్ గిటార్ పెట్టిన్రు.

రెండు భజనలు అయినై. ఏం ఆగలే. నాకు పానం కుదుటపడ్డది.

అప్పుడు షెడ్డు పెద్దమనిషి ఒకాయన, "సారూ, నువ్వు సదువుకున్నోనివి, ఆయన శిష్యునివి, నర్సయ్య గురించి రెండు ముచ్చట్లు చెప్పు" అన్నడు. మైకు నా ముంగటికి జరిపిన్రు.

నాకు క్లాసులో నలభై నిమిషాలు మాట్లాడుడు అలవాటే. ఆనాడు చేతులు ఎక్కడ పెట్టుకోవాల్నో తెల్వక గిటార్ మీదనే ఉంచిన. మాట్లాడుకుంటనే బొటనవేలుతోని లావు తీగ ఒక్కటే మెల్లగ మీటుతున్న. వెనకనుంచి బాస్ ధుమ్, ధుమ్మని వస్తుంది. ఇది గుర్తు పెట్టుకోండి, ఒక్కటే తీగ, ఒక్క వేలు. తికమకపడేటందుకు ఏమీ లేదు.

ఆయన నాకు గిటార్ ఇచ్చింది చెప్పిన. అరికాలుతోని విన్నది చెప్పిన. మంచిర్యాలలో మేనమామ కరెంటు ముచ్చట చెప్తే జనం నవ్విన్రు, వదిన గూడ కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. ఇగ ముగిద్దామనుకొని చివరి మాట అందుకున్న.

"ఈ నడుమ వయసు మీద పడ్డదని, అన్ననే తన ఇష్టంతోని బ్యాండ్ ఇడిసి..."

బాస్ ఆగింది.

వేలు తీగ మీటుతనే ఉంది. గిటార్ స్పీకర్ నుంచి సన్నగ టింగు, టింగుమని వస్తనే ఉంది. డబ్బా మీద ఎర్రలైటు వెలుగుతనే ఉంది. బాస్ స్పీకర్ నుంచి మాత్రం ఏం లేదు.

అప్పుడు జరిగినది నేను కండ్లారా చూసిన. ముందు కూర్చున్న షెడ్డువాళ్లందరి తలలు, నలభై తలలు, ఒక్కసారి లేచినై. పోగు తెగినప్పుడు లేచినట్టు. ఎవరూ స్పీకర్ దిక్కు చూడలే. పోగు ఎక్కడ తెగిందో అక్కడికే వాళ్ల కన్ను పోతది. అందరూ నన్ను చూసిన్రు.

షఫీ వెనకనుంచి సన్నగ, "సార్, చెప్పేయ్" అన్నడు.

గడప దగ్గర వదిన నవ్వు ఆపేసి నా మొఖమే చూస్తుంది.

"వదినా, అన్న ఇడిసిపెట్టలే" అని చెప్పిన. "నేనే వద్దన్న. తప్పు వాయించినప్పుడల్లా ఆపుతున్నడని నాకు సిగ్గయింది. గీ డబ్బా కొనుక్కొచ్చి, స్టేజి చిన్నగుందని అబద్ధం చెప్పి తీసేసిన. మోజు తీరలే ఆయనకు. నా పేరు బయటవెట్టొద్దని నీకు చెప్పలే. మొన్న ఫోన్‌ల గూడ నీకు అబద్ధమే చెప్పిన."

చివరి మాట నోట్లోనుంచి పడంగనే ధుమ్మన్నది. నేల అదిరింది. మళ్లీ ధుమ్, మళ్లీ ధుమ్. నా వేలు ఎంత మెల్లగ మీటుతుందో అంతే మెల్లగ.

జనంలో ఒకరిద్దరు గులుగుతున్నరు. వదిన లేచి వచ్చి ఎదురుంగ నిలవడ్డది. కొడుతదేమో అనుకున్న, కొడితే బాగుండు అనుకున్న. ఆమె నన్ను చూడలే. చెప్పులు లేని కాలు తీసి బాస్ స్పీకర్ డబ్బా మీద పెట్టింది. అట్లనే, కండ్లు మూసుకొని, కొంచెం సేపు నిలవడ్డది.

"మోజు తీరలేదన్నమాట" అన్నది, నాకు కాదు. తర్వాత నా దిక్కు తిరిగి, "ఆపకు. ఇగ నడువనీ" అన్నది.

నడిపిన. ఒక గంట వాయించినం. ఆమె నాతోని మళ్లీ మాట్లాడలే, ఇప్పటిదాక మాట్లాడలే. అది నాకు అర్థమయ్యే సంగతే, దానికి ఏ లెక్కా అక్కర్లేదు.

నాకు అర్థం కానిది ఆ డబ్బా. తర్వాత దాన్ని మూడుసార్లు విప్పిన. హైదరాబాద్‌లో రిపేర్ చేసే ఒకాయనకు చూపిస్తే, "దీంట్ల ఏ ఖరాబూ లేదు, ఎందుకు పరేషాన్ అవుతున్నవ్?" అన్నడు. రెండు తీగలు కలిస్తే ఎందుకు ఆగుతదో నేను బోర్డు మీద గీసి చూపిస్త. మైకులో అబద్ధం చెప్తే ఎందుకు ఆగాలె, దానికి బొమ్మ లేదు.

ఇంకొకటి గూడ ఉంది. పదకొండోనాటి నుంచి అది ఆగుడు బంద్ చేసింది. రెండు తీగలు కలిపి కొట్టినా ఆగుతలేదు, ఇదివరకు ఆగిన చోట గూడ. ఏ పుస్తకం ప్రకారం చూసినా ఆగాలె. షఫీకి ఈ ముచ్చట చెప్తే, "మంచిదే గద సార్, మీకు కావాల్సింది గదే గద" అన్నడు.

కావాల్సింది అదే. ఆదివారం పూట ఇంట్లో ఎవరూ లేనప్పుడు చెప్పులు విడిచి, ఎడమకాలు స్పీకర్ మీద పెట్టి, కావాలనే ఒక తప్పు వాయించి చూస్త. ఆగుతదేమోనని చూస్త. ఆగదు. నేను తప్పు వాయించుకుంట పోతుంటే, అది నా కాలికింద సాఫుగ నడుస్తనే ఉంటది, జాడ పడుకుంట.